గోడలో నీళ్ల దోనె

ఆళ్లగడ్డలో మేము పుట్టి పెరిగిన ఇల్లు బ్యాంకు అయి ఒక తరం గడిచిపోయింది. నంద్యాలలో స్థిరపడ్డాక ఆ ఊళ్లో నాకు పని తగ్గింది. పెళ్లికో చావుకో పోయినా బ్యాంకున్న వీధి తప్పించి పోయేదాన్ని. ఇల్లు పరాయిదైందన్న బాధ అనుకునేరు, అదేం కాదు. ఆ బోర్డూ, ఆ ఇనుప కటకటాలూ, అరుగుకు ఆనించిన మోటారు సైకిళ్లూ చూస్తే, తెలిసిన మనిషి ఎవరిదో చొక్కా తొడుక్కుని ఎదురైనట్టు ఇబ్బందిగా ఉండేది. అలాంటిది పోయిన ఎండాకాలం ఆ బ్యాంకు మేనేజరు నా నంబరు ఎవరినో అడిగి సంపాదించి ఫోను చేశాడు. గుంటూరు వైపు కుర్రాడు, మాట మాటకూ చివర అండీ తగిలిస్తాడు. లోపల మరమ్మతులు చేయిస్తుంటే పాత చెక్క పలకల వెనక గోడలో చెక్కిన రాయి ఒకటి బయటపడిందట. దాహమైన వాళ్లకు నీళ్లు పోసే రాయి అని ఊళ్లో ఎవరో పెద్దాయన చెప్పాడట. దాని మీద చిన్న దీపం పెట్టి, పక్కన ఒక పలక తగిలించాలని వాళ్ల ఆలోచన. నేను ఆ ఇంటి బిడ్డనూ, పైగా పుస్తకాలు రాసేదాన్నీ కాబట్టి పలక మీద నాలుగు మాటలు నేనే రాసివ్వాలన్నాడు. మీ పెద్దలు ఎంత ధర్మాత్ములండీ అని కూడా అన్నాడు. నేను కాదనలేదు. నిజం చెప్పాలంటే ఉప్పొంగిపోయాను. ఆ పూట ఇంట్లో అందరికీ వినబడేలా రెండుసార్లు ఆ మాట చెప్పాను.

ఆ ఇల్లు మా జేజినాయన కట్టించింది. మా వైపు నాయన తండ్రిని జేజినాయన అనీ, నాయన తల్లిని జేజి అనీ అంటాం. ఊళ్లో అంతకుముందు మిద్దెలు లేక కాదు గానీ, ఆయన కట్టించిన తీరు వేరు. సున్నంలో కట్టిన రాతిగోడలు, మూరన్నర మందం. వీధి వైపు నాపరాళ్లు పరిచిన ఎత్తు అరుగు, దాని మీద టేకు స్తంభాలు. గడప దాటితే పెద్ద పడసాల. పడసాల వెనక నడిమధ్య ఆకాశం కనబడే తొట్టి, చుట్టూ గదులు. తొట్టిలో వాన పడితే ఇంట్లోనే వాన పడినట్టు ఉండేది, మేం పిల్లలం గడపల మీద కూర్చుని కాళ్లు తడుపుకునేవాళ్లం. గదుల పైకప్పు దూలాల మీద అడ్డంగా పేర్చిన దంతెలు, దంతెల మీద చవుడు మన్ను. ప్రతి గదికీ నడినెత్తిన ఒక గవాచి. ఆ రంధ్రం లోంచి దిగే ఎండ నేల మీద పళ్లెమంత వెలుగై పొద్దుతో పాటు జరిగేది, మా జేజికి అదే గడియారం. వెలుగు గాదె అడుగుకు వచ్చిందంటే కూలోళ్లకు సంగటి దింపే వేళ. ఆ ఇంటి వాసన నాకిప్పటికీ ముక్కుకు తెలుసు. శనగపొట్టు, ఆముదం, చింతపండు, అన్నిటి అడుగున పేడతో అలికిన నేల చల్లదనం. మా జేజినాయన ఎవరొచ్చినా ముందు గోడ మీద అరచేత్తో చరిచి, చూడప్పా అనేవాడు. ఆయన ఇంటిని చూపించడం ఎద్దును చూపించినట్టే ఉండేది. తర్వాత అన్నదమ్ములు భాగాలు పంచుకుని ఇల్లు అద్దెకిస్తామన్నప్పుడు బ్యాంకు వాళ్లు ముందుకొచ్చింది కూడా ఆ గోడల బలం చూసే. ఇక అమ్మకం దాకా ఎంతో కాలం పట్టలేదు.

అన్ని గదుల్లోకీ నాకు ఇష్టమైంది నీళ్లగది. వంటింటిని ఆనుకుని, పక్కసందు గోడ వారగా ఉండేది. పెరటి బావి నుంచి చేదిన నీళ్లు రాగి గంగాళాల్లో అక్కడే నిలిచేవి. మజ్జిగ చిలికే స్తంభమూ అక్కడే. జేజి పొద్దంతా ఆ గదిలో పీట వేసుకుని కూర్చునేది. ఆమె చేతికి అందేలా, నేలకు ఆనుకుని, గోడలోకి ఒక రాతి దోనె ఉండేది. లోపలి వైపు వెడల్పైన తొట్టిలా మొదలై, సన్నబడుతూ, గోడ గుండా వాలుగా దిగి సందులోకి తెరుచుకునేది. సందులోంచి ఎవరో గులకరాయితో గోడ మీద టక్కు టక్కుమని కొట్టేవాళ్లు. ఆ రాయి బయట గోడ గూట్లోనే ఎప్పుడూ ఉంటుందని చెప్పేవాళ్లు, నేను చూడలేదు. ఆ చప్పుడు వినగానే జేజి పీట మీద నుంచి లేవకుండానే చెంబు ముంచి దోనెలో పోసేది. అవతల దోసిలి పట్టి తాగేవాళ్లు. ఎండాకాలం ఉప్పు, కరేపాకు వేసిన పలచటి మజ్జిగ. పోసేవాళ్లకు తాగేవాళ్లు కనబడరు, తాగేవాళ్లకు పోసేవాళ్లు కనబడరు. చాలు తల్లీ అన్న మాట గోడలోంచి వచ్చేది, అది వినబడే దాకా పోయడమే. నీళ్ల దానాన్ని మించిన దానం లేదనీ, మన గోడ పక్కన దప్పికతో పోయినోళ్లు లేరనీ జేజి వచ్చినవాళ్లందరికీ చెప్పేది. మేం నమ్మాం. పెద్దయ్యాక నేను ఎక్కడెక్కడో సభల్లో మాట్లాడుతూ కులం గురించి ఎన్నో మాటలు అన్నాను గానీ, మా దోనె సంగతి వచ్చేసరికి అది చలివేంద్రమనే చెప్పాను. గురివింద గింజకు తన కింది నలుపు తెలియదంటారు. నాకు తెలియకపోవడం కాదు, తిప్పి చూడలేదు.

సందులో నీళ్లు తాగేది బాటసారులు కాదు. బాటసారులు వీధిలో పోతారు, వాళ్లను అరుగు మీద కూర్చోబెట్టి చెంబు చేతికిచ్చేవాళ్లం. సందులోకి వచ్చేది ఊరవతలి పేట నుంచి మా పొలాల్లో పనికొచ్చేవాళ్లు, మా గాదెల్లో పడే ధాన్యం కోసి, నూర్చి, మోసుకొచ్చేవాళ్లు. మోపు తెచ్చి పెరటి వాకిట్లో దించి, సందులోనే నిలబడి దాహం తీర్చుకుని వెళ్లేవాళ్లు. మేం ఆడపిల్లలం ఆ సందులోకి పోకూడదు. ఎందుకు పోకూడదని అడిగిన గుర్తు కూడా నాకు లేదు.

ఎస్తేరు వాళ్లది ఆ పేటే. వాళ్ల నాయన ఆదివారాలు చర్చిలో కీర్తనలు పాడించేవాడు, తక్కిన రోజులు మా శనగ చేలల్లో పనిచేసేవాడు. బడిలో నేనూ ఎస్తేరూ ఒకే బెంచీ. లెక్కలు తనవి, డిక్టేషన్ నాది, అలా ఒకరినొకరు గట్టెక్కించుకునేవాళ్లం. చింతచిగురు కోసుకొచ్చి ఉప్పుతో నూరి పంచుకునేవాళ్లం. మధ్యాహ్నం బోరింగు దగ్గర ఒకరు కొడితే ఒకరు దోసిలి పట్టి తాగేవాళ్లం. నేను కొడుతున్నప్పుడు తను నీళ్లు తాగకుండా నా మీద చల్లేది. అదే దోసిలి, అవే నీళ్లు. రెండు చోట్లా ఒకటే పని జరుగుతోందన్న తెలివి నాకప్పుడు లేదు.

ఒంటిపూట బడులున్న ఒక వేసవి మధ్యాహ్నం జేజి వంటింట్లో ఉండగా గోడ మీద టక్కు టక్కుమంది. నీళ్లు నువ్వు పొయ్యి అంది జేజి లోపలి నుంచి. నాకు కన్నం లోంచి చూడాలనిపించి, నేల మీద బోర్లా పడుకుని దోనెకు కన్ను ఆనించాను. అటు చివర రూపాయి బిళ్లంత వెలుగు. వెలుగులో రెండు చేతులు, చేతుల వెనక ఒక మొహం. ఎస్తేరు. పక్కన వాళ్లమ్మ చీర కుచ్చిళ్లు. నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. మా ఇంటికి ఎస్తేరు వచ్చింది. ఎస్తేరూ, నేనే, ఓబులమ్మను అని దోనెలోకి అరిచాను. చేతులు వెనక్కు పోయాయి. చెంబెడు నీళ్లు పోశాను, అవి సందు మట్టిలో పడ్డ చప్పుడు మాత్రం వినబడింది. ఇంతలో జేజి వచ్చి వీపు మీద ఒకటి చరిచింది.

"దోనె కాడ పేర్లు పిలవకూడదు మే. పేరు పెట్టి పిలిస్తే వాళ్లకు నామోషీ," అంది.

ఆ మర్నాటి నుంచి బడిలో ఎస్తేరు నాతో మామూలుగానే ఉంది. బెంచీ మారలేదు, లెక్కలు చెప్పడం మానలేదు. కానీ బోరింగు దగ్గర నాకోసం ఆగేది కాదు. ముందే వెళ్లి తాగేసి వచ్చేది. ఏదో అలక అనుకున్నాను. తర్వాత తను ట్రైనింగు చేసి కొలిమిగుండ్ల వైపు ఊళ్లలో టీచరుగా పనిచేసిందనీ, రిటైరయ్యి ఆళ్లగడ్డలోనే ఇల్లు కట్టుకుందనీ వింటూ వచ్చాను. నంద్యాల బస్టాండులో ఎప్పుడైనా ఎదురైతే బాగున్నావా అంటే బాగున్నావా అనుకునేవాళ్లం.

మేనేజరు రమ్మన్న రోజు పట్టుచీర కట్టుకుని మరీ శిరివెళ్ల మీదుగా పోయే బస్సెక్కి వెళ్లాను. ఆ చీర సంగతి తలుచుకుంటే ఇప్పుడు సిగ్గుతో ఒళ్లు చచ్చిపోతోంది. పడసాలలో కౌంటర్లు. తొట్టి మీద రేకులు కప్పి, కింద ఇనుప బెంచీలు వేశారు. మా జేజినాయన ఉయ్యాల వేలాడిన కొక్కేనికి టోకెన్ నంబర్ల పెట్టె వేలాడుతోంది. ధాన్యం గదిలో లాకర్లు. దేవుని గూట్లో సాంబ్రాణి పొగకు పట్టిన మసి అలాగే ఉంది, దాని ముందు చలానా కట్టలు. నీళ్లగదిలో చెక్క పలకలు ఊడదీసి, దోనెను కడిగి తుడిచి ఉంచారు. రాయి నునుపుదేలి నిగనిగలాడుతోంది. మేనేజరు ఒక స్టీలు చెంబు నా చేతికిచ్చి, పత్రికకు పంపడానికి ఒక ఫోటో కావాలండీ అన్నాడు. నేను లోపల పోస్తుంటే బయట ఎవరైనా దోసిలి పట్టాలట. కాపలా ఉండే అతన్ని పిలిచాడు. అతను ఊరివాడే. తాళాలు చూసుకోవాలి సార్ అని నవ్వి పక్కకు తప్పుకున్నాడు. మేనేజరు తానే సందులోకి వెళ్లాడు. నేను కొంగు సర్దుకుని, నేల మీద కూర్చుని, జేజి కూర్చున్నట్టే కూర్చుని ఎదురు చూశాను. సందులో ఇప్పుడు ఏటీఎం గది ఉంది, అక్కడ ఎప్పుడూ ఎవరో ఒకరు ఉంటారు. దోనెలోంచి మాటలు పక్కనే మాట్లాడినట్టు వినబడ్డాయి.

"అమ్మా, ఒక్క నిమిషం ఇక్కడ వంగి దోసిలి పట్టండి. ఫోటో కోసమండీ," అన్నాడు మేనేజరు.

ఒక ఆడగొంతు నిదానంగా పలికింది.

"పట్టినా నాయనా. మా అవ్వ పట్టింది, మా అమ్మ పట్టింది, నేనూ పట్టినా. ఫోటోకు మాత్రం పట్టను."

గొంతు ముసలిదైంది గానీ నాకు తెలిసిపోయింది. పేరు పెట్టి పిలుద్దామని నోరు తెరిచాను. మా జేజి చరిచిన చోట వీపు మళ్లీ చురుక్కుమంది. అప్పుడు ఆ మాట నాకు పూర్తిగా వినబడింది. పేరు పిలిస్తే వాళ్లకు నామోషీ అంది జేజి. అంటే అది అవమానమని ఆమెకు తెలుసు. ఉప్పూ కరేపాకూ వేసి మజ్జిగ కలిపిన చేతికి తెలుసు. తెలిసే పోసింది, తెలిసే ధర్మమని చెప్పుకుంది. అన్నాళ్లూ ఆమెను తెలియని కాలం మనిషిగా నేను వెనకేసుకొచ్చాను.

ఎస్తేరు వీధి తలుపు గుండా లోపలికి వచ్చింది. తలంతా నెరిసి, కళ్లజోడు, చేతిసంచీలో నీళ్ల సీసా. పింఛను పని మీద వచ్చిందట. నేల మీద చెంబుతో ఉన్న నన్ను చూసింది. నేను లేవబోతే మోకాళ్లు సహకరించలేదు. తనే చెయ్యి ఇచ్చి లేపింది. మేనేజరుకు ఏదో తప్పు జరిగిందని మాత్రం అర్థమై, టీ చెప్పి తన గదిలోకి వెళ్లిపోయాడు. నేను ఏదో అనబోయాను. తను నా మాట సాగనివ్వలేదు.

"ఇన్నేండ్ల నుంచి ఈ బ్యాంకుకొస్తాండా. ఈడ యాడ ఏముండెనో నాకు తెలీదు. చూపీ," అంది.

చూపించాను. ఇది పడసాల, ఇది గాదెలుండే గది, ఇది వంటిల్లు అంటూ ముందు నడిచాను. మా జేజినాయన ఇల్లు చూపించిన తీరే నాకు వస్తోందని సగంలో గ్రహించి గొంతు తగ్గించాను. ఎస్తేరు ప్రతి గదిలోనూ ఒక క్షణం నిలబడి, పైన దంతెలూ గవాచీ చూసి, తలూపి వచ్చేది. బాగా కట్టినారే అంది ఒకచోట. అందులో ఎత్తిపొడుపు లేదు, అదే నాకు కష్టమైంది. మళ్లీ దోనె దగ్గరికి వచ్చాం. తను వంగి దాని అంచు తడిమింది. పక్కనున్న కిటికీ దగ్గరికి పోయి, గోడ మందాన్ని జానలతో కొలిచినట్టు చెయ్యి పెట్టి చూసింది.

"ఇంతేనా. నీళ్లు శానా దూరం నుంచి వస్తాండాయి అనుకుంటి," అంది. తర్వాత నా వైపు తిరిగి, "ఆ పక్కకు నువ్వు ఎప్పుడన్నా వచ్చి చూసినావా?" అని అడిగింది.

లేదన్నాను. ఆ ఇంట్లో పుట్టి, పదహారేళ్లు పెరిగి, దోనె ఆ చివర ఎలా ఉంటుందో నేను చూడలేదు. వీధిలోకి వచ్చి, ఇంటి చుట్టూ తిరిగి సందులోకి వెళ్లాను. కాళ్లు కొత్త ఊళ్లో నడిచినట్టు నడిచాయి. మా ఇల్లు అటువైపు నుంచి నాకు తెలియదు. అరుగు లేదు, స్తంభాలు లేవు, కిటికీలు కూడా మనిషి తల కంటే పైన. బోసిగా, జైలు గోడలాగా ఉంది. దోనె చివర ఎక్కడుందో వెంటనే కనబడలేదు, నేను నా ఎత్తున వెతుకుతున్నాను. అది నా మోకాలి దగ్గర ఉంది. లోపల జేజి పీట మీద నుంచి లేవకుండా పోయాలి కాబట్టి, బయట అది అంత కిందికి వచ్చింది. నిలబడి తాగే వీలు లేదు. వంగితే చాలదు, గొంతుక్కూర్చోవాలి. మోపు మోసి వచ్చిన ఎస్తేరు వాళ్ల నాయన, అమ్మ, అవ్వ, ఆ మట్టిలో గొంతుక్కూర్చుని, గోడకు మొహం పెట్టి తాగారు. గూట్లో గులకరాయి లేదు. గూడు మాత్రం ఉంది, రాయి పెట్టి తీసి పెట్టి తీసి అడుగున గుంట పడింది.

నేను గొంతుక్కూర్చుని దోసిలి పట్టాను. ఎందుకు పట్టానో నాకు తెలుసు. లోపల ఎస్తేరు ఉంది, పక్కన చెంబు ఉంది. తను పోస్తుంది, నేను తాగుతాను, ఏదో ఒకటి తీరుతుంది అనుకున్నాను. ఏటీఎం దగ్గర నిలబడ్డవాళ్లు చూస్తున్నారు. పట్టుచీర అంచు మట్టిలో పడింది. నీళ్లు రాలేదు. ఎంతసేపటికీ రాలేదు. చివరికి సందు మొదట్లోంచి ఎస్తేరు నడిచి వచ్చింది.

"లేయ్ ఓబులమ్మా, మోకాళ్లు పట్టేస్తాయి," అంది. "నేను పోస్తే నీకు చెల్లుకు చెల్లు అనిపిస్తాది. అంత సులభంగా యాడ చెల్లుతాదిలే."

తన సంచీలో సీసా తీసి రెండు గుక్కలు తాగి, మూత బిగించి మళ్లీ లోపల పెట్టుకుంది. నాకు ఇవ్వలేదు, నేనూ అడగలేదు. వీధి మలుపు దాకా ఇద్దరం కలిసే నడిచాం. పలక మీద ఏం రాయమంటావని అడిగాను. రాసేదానివి నువ్వు, నన్నెందుకు అడుగుతావు అంది. నాలుగడుగులు వేశాక, ధర్మం అని మాత్రం రాయొద్దు అంది.

నంద్యాలకు తిరిగి వచ్చి ఎన్ని కాగితాలు చింపానో. మొదట ఒక పేజీ వచ్చింది, అందులో ఎక్కువ నా గొప్పతనమే ఉంది, ఎంత సిగ్గుపడుతున్నానో చెప్పుకోవడంలోని గొప్పతనం. అది కొట్టేస్తూ కొట్టేస్తూ పోతే చివరికి రెండు వాక్యాలు మిగిలాయి. "ఈ ఇంటివాళ్లు ఈ రాతి గుండా, తమ పొలాల్లో పనిచేసిన వాళ్లకు నీళ్లు పోసేవాళ్లు. వీధి తలుపు ఈ పక్కనే ఉండేది." మేనేజరుకు ఫోనులో చదివి వినిపించాను. పైవాళ్లకు పంపిస్తానండీ అన్నాడు. మంచి కుర్రాడే, పంపే ఉంటాడు.

దసరా ముందు చుట్టాలింటికి ఆళ్లగడ్డ పోయినప్పుడు, ఈసారి వీధి తప్పించుకోకుండా బ్యాంకులోకి వెళ్లాను. మేనేజరు బదిలీ అయి వెళ్లిపోయాడట. నీళ్లగదిలో కొత్త చెక్క పలకలు బిగించేశారు, వాటి మీద డిపాజిట్లకు ఎంత వడ్డీయో చెప్పే రంగుల కాగితం అంటించారు. దోనె లేదు, దీపం లేదు, పలక లేదు. నాకు కోపం రావాలి. రాలేదు. ముందుగా నాకు వచ్చింది హమ్మయ్య అన్న ఊపిరి. మా ఇంటి పేరు ఆ గోడ మీద అలా పడకుండా పోయిందన్న ఊపిరి. అంత జరిగాక కూడా నాలో అదే ఉంది. జేజి నాకేం ఇచ్చి పోయిందో అప్పుడు తెలిసింది.

వెనక్కు తిరిగేసరికి తొట్టిలో బెంచీ మీద ఎస్తేరు కూర్చుని ఉంది, చేతిలో టోకెను. చెక్క పలకల వైపు ఒకసారి చూసి, నా మొహం వైపు చూసింది. ఆ హమ్మయ్య అన్న ఊపిరి తనకు అక్కడ కనబడింది. సంచీ ఒళ్లోకి తీసుకుని, బెంచీ మీద కొంచెం పక్కకు జరిగి నాకు చోటిచ్చింది, బడిలో జరిగినట్టే. నేను పోయి కూర్చోలేకపోయాను. వీధి తలుపు దగ్గరే నిలబడిపోయాను.